కోర్టు గడపలో ఎన్నికల గొంతు: కర్నూలు బస్సుల తీర్పుపై ఒక విమర్శ

రాయలసీమ పల్లెల్లో 'పార్టీ' అన్న మాటకు మూడర్థాలున్నవి. ఎన్నికలలో పోటీచేసే సంస్థ ఒకటి, ఊరిలోని ముఠా రెండవది, కోర్టులో దావా నడిపే కక్షిదారు మూడవది. మద్దికెర నుండి పత్తికొండ కోర్టుకు బయలుదేరిన రైతును "నీది ఏ పార్టీ?" అని అడిగితే, ఈ మూడింటిలో దేనిని గురించి అడుగుతున్నారో అతడు ఒక్క క్షణం ఆలోచించుకోవలసి ఉంటుంది. చాలాసార్లు మూడింటికీ ఒకే జవాబు సరిపోతుంది. చిక్కంతా అక్కడనే ఉన్నది.

రాజకీయ ప్రచారాన్ని న్యాయస్థానంలోకి రానీయకూడదన్న సూత్రాన్ని కాదనేవారు లేరు. కాదనేవారు లేరు గనుకనే దానిని పరీక్షకు పెట్టినవారు కూడా తక్కువ. అధికారంలో ఉన్నవాడు కక్షతోనే తన పొట్ట కొట్టినాడని ఒక పౌరుడు వాదిస్తే, అది ప్రచారమా, ఫిర్యాదా? ప్రచారమని తోసివేస్తే కక్ష నిజమైనప్పుడు దానికి మందు లేదు. ఫిర్యాదని స్వీకరిస్తే, ఎన్నికలలో ఓడిన ప్రతివాడూ తన ప్రసంగాన్ని అర్జీగా వ్రాసుకుని రావచ్చును. ఈ ప్రశ్నను సుప్రీంకోర్టు నేరుగా ఎదుర్కొన్న తీర్పు ఒకటి కర్నూలు జిల్లా పశ్చిమ భాగం నుండే పుట్టింది. న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికీ దానిని చదువుతారు. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, పత్తికొండ ప్రాంతాల వారిలో మాత్రం దానిని ఎరిగినవారు కొద్దిమందే. 1964 జనవరిలో వెలువడిన కర్నూలు బస్సు రూట్ల తీర్పు అది.

నేపథ్యం ఇది. ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ 1958 లో ఏర్పడింది. ప్రైవేటు బస్సుల రూట్లను జిల్లా తరువాత జిల్లాగా ప్రభుత్వపరం చేస్తూ వచ్చింది. ఇందుకు ఆధారం 1939 నాటి మోటారు వాహనాల చట్టంలో 1956 లో చేర్చిన అధ్యాయం. ఒక ప్రాంతంలో ప్రజలకు సమర్థమైన, చాలినంత, పొదుపైన, పొందికైన సర్వీసు కావాలంటే తానే బస్సులు నడపాలని కార్పొరేషను స్వయంగా అభిప్రాయపడాలి. అప్పుడు పథకం ప్రకటించాలి. అభ్యంతరాలను ప్రభుత్వం వినాలి. మద్దికెర వంటి ఊరికి రైలు ఉన్నది గనుక గుంతకల్లుకు పోవడం సులభమే. పత్తికొండకో ఆలూరుకో పోవాలంటే మాత్రం రోడ్డే గతి. అటువంటి సీమలో బస్సు రూటు ఎవరి చేతిలో ఉన్నదన్నది చిన్న విషయం కాదు. రూటు ఉన్నవాడికి డబ్బు ఉంటుంది, డబ్బు ఉన్నవాడికి ఎన్నికలలో పలుకుబడి ఉంటుంది.

1962 సాధారణ ఎన్నికలలో నీలం సంజీవరెడ్డి కర్నూలు జిల్లాలోని డోన్ నుండి శాసనసభకు ఎన్నికై, ఆ మార్చిలో దామోదరం సంజీవయ్య తరువాత రెండవసారి ముఖ్యమంత్రి అయినారు. జిల్లాలో కాంగ్రెసు అప్పటికే వర్గాలుగా చీలి ఉన్నది. ఎన్నికలు ముగిసిన కొద్ది కాలానికే, కార్పొరేషను తాను వేసుకున్న వరుసను మార్చి, ముందున్న జిల్లాలను వెనుకకు నెట్టి, కర్నూలును, అందులోనూ పశ్చిమ భాగాన్ని ముందుకు తెచ్చింది. బస్సు యజమానులు హైకోర్టుకు వెళ్ళినారు. ఎన్నికలలో తాము ముఖ్యమంత్రి వర్గానికి వ్యతిరేకంగా పనిచేసినందుకే ఈ దెబ్బ అన్నారు. కార్పొరేషను అభిప్రాయం కార్పొరేషనుది కాదు, ముఖ్యమంత్రిది అన్నారు. అక్కడ ఓడి సుప్రీంకోర్టుకు పోయి గెలిచినారు.

తీర్పు వ్రాసినవారు జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్. అంతకు ముందు సంవత్సరం, 1963 లో, పంజాబు ముఖ్యమంత్రి ప్రతాప్ సింగ్ కైరోన్‌పై ఒక ప్రభుత్వ వైద్యుడు తెచ్చిన కేసులో అధిక సంఖ్యాకుల తీర్పు వ్రాసినవారు కూడా ఆయనే. రెండింటిలోనూ ఆరోపణ వ్యక్తిగత కక్ష, రెండింటిలోనూ ఆరోపణకు గురైన ముఖ్యమంత్రి ప్రమాణపత్రం దాఖలు చేయలేదు. రెండూ ప్రభుత్వం ఓడిన కేసులే.

కర్నూలు తీర్పులోని అతి విలువైన భాగం ఫలితంలో లేదు, దారిలో ఉన్నది. దురుద్దేశాన్ని అంటగట్టడం సులభమని, వాస్తవం లేకున్నా కొంత బురద అంటుకుంటుందన్న ఆశతో ఇటువంటి ఆరోపణలు చేయడం అలవాటుగా మారుతున్నదని ఆ తీర్పు ముందుగానే ఒప్పుకున్నది. అంటే ప్రచారం అర్జీ రూపంలో కోర్టులోకి వస్తున్నదన్న ఎరుక న్యాయమూర్తికి ఉన్నది. దానికి ఆయన చూపిన మందు రెండు మోతాదులు. ఆరోపించినవాడు వివరాలు చెప్పాలి. ఎప్పుడు, ఎవరు, ఏమి చేసినారో చెప్పని ఆరోపణపై విచారణకు కోర్టు నిరాకరించవచ్చును. వివరాలు చెప్పిన పిమ్మట, ఎవరి మనసులోని ఉద్దేశమైతే వివాదంలో ఉన్నదో ఆ వ్యక్తి ముందుకు వచ్చి కాదనో, జరిగినది ఇదనో చెబితే కోర్టు పని సులభమవుతుంది. ఒకరి మనసులోని మాటను మరొక అధికారి ప్రమాణం చేసి కాదనడం చెల్లదు.

ఈ పద్ధతి ఫిఖ్హ్ చదివినవారికి కొత్త కాదు. హిదాయా మొదలైన హనఫీ గ్రంథాలలో దావా అధ్యాయం మొదట అడిగే ప్రశ్న, కోరేది స్పష్టంగా ఉన్నదా అని. అస్పష్టమైన దావాను ఖాజీ వినడు. ప్రతివాదిని పిలిపించి శ్రమపెట్టడు. స్పష్టమైన తరువాత సాక్ష్యం చూపే బాధ్యత కోరినవాడిపై, ప్రమాణం చేసే బాధ్యత కాదన్నవాడిపై పడుతుంది. కాదన్నవాడు ప్రమాణానికి వెనుదీస్తే దానిని 'నుకూల్' అంటారు. హనఫీలు నుకూల్ ఆధారంగానే తీర్పు ఇవ్వవచ్చునన్నారు. షాఫియీలు ఒప్పుకోలేదు, ప్రమాణాన్ని తిరిగి దావాదారుకే అప్పగించి అతడు ప్రమాణం చేస్తేనే తీర్పు అన్నారు. మౌనానికి ఎంత బరువు ఇవ్వాలన్నది వెయ్యి సంవత్సరాల పాటు పెద్దలు వాదించిన ప్రశ్న. రాజగోపాల అయ్యంగార్ తీర్పు తెలియకనే హనఫీల వైపు నిలబడింది.

నిలబడింది గాని పూర్తిగా కాదు. లోపం ఇక్కడనే. నుకూల్‌పై తీర్పు చెప్పే ముందు ఖాజీ ప్రతివాదిని పేరుపెట్టి పిలిచి, ప్రమాణం చేయమని మూడుసార్లు అడిగి, చేయకుంటే నీకు వ్యతిరేకంగా తీర్పు చెబుతానని హెచ్చరించాలని హిదాయా పద్ధతి. ఎదుట లేని వ్యక్తిపై, అతని తరఫున ప్రతినిధి లేకుండా తీర్పు చెప్పడాన్ని హనఫీలు ఒప్పుకోరు. కర్నూలు కేసులో దావా నడిచింది రాష్ట్ర ప్రభుత్వంపై. మచ్చ పడింది ఒక వ్యక్తిపై. ఆయనకు మాట్లాడే అవకాశం లేకపోలేదు. కేసు హైకోర్టులో నడిచింది, ఢిల్లీలో నడిచింది, ఆరోపణ పత్రికలలో వచ్చింది. అయినప్పటికీ "నీవు ప్రమాణం చేస్తావా, లేదా" అన్న ఆ మూడుసార్ల పిలుపు, ఆ సూటి హెచ్చరిక, ఆధునిక న్యాయవిధానంలో లోపించింది. దురుద్దేశం అంటగట్టదలచిన వ్యక్తిని పేరుతో ప్రతివాదిగా చేర్చి తీరాలని తరువాతి కాలంలో, 1991 నాటి ఒక బీహారు కేసులో, సుప్రీంకోర్టు చెప్పింది. కర్నూలు తీర్పు వదలిన ఖాళీని ఆ మాట కొంత పూడ్చింది.

తీర్పును కేవలం మౌనంపై కట్టిన గోడగా చూడడం మాత్రం అన్యాయం. అసలు బలం కార్పొరేషను కాగితాలలో ఉన్నది. ఏ జిల్లా తరువాత ఏ జిల్లా అన్న వరుస మొదట ఏమిటి, ఎప్పుడు మారింది, మార్చడానికి చెప్పిన కారణాలు ఆ వరుస వేసుకున్న నాడు లేవా, ఈ మూడు ప్రశ్నలే తీర్పును నడిపించినవి. ఎన్నికల సభలలో ఎవరు ఎవరిని ఏమని దూషించినారన్న దానితో న్యాయస్థానానికి నిమిత్తం లేకపోయింది. ప్రచారం వాకిట్లోనే ఆగిపోయింది, తేదీలు మాత్రం లోపలికి వచ్చినవి. బస్సుల జాతీయకరణ మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి కూడా కోర్టు దిగలేదు. అది శాసనసభ పని. ఇదే ఈ తీర్పు పద్ధతిలోని మేలు. చట్టంలో కార్పొరేషను అభిప్రాయం అని వ్రాసి ఉన్న చోట మరొకరి అభిప్రాయం వచ్చి కూర్చున్నదా అన్న ఒక్క ప్రశ్నకు కట్టుబడడం వలననే ఎన్నికల వేడి కాగితాలకు అంటలేదు.

ఇదే రాష్ట్రంలో ఇదే రవాణా సంస్థపై అంతకు ముందు, 1958 నవంబరులో, కృష్ణా జిల్లా బస్సుల కేసులో జస్టిస్ కోకా సుబ్బారావు వ్రాసిన తీర్పును కూడా ఇక్కడ తలచుకోవలసి ఉన్నది. అభ్యంతరాలను విన్నది రవాణా శాఖ కార్యదర్శి, ఉత్తర్వు ఇచ్చింది ముఖ్యమంత్రి. విన్నవాడొకడు, తీర్చినవాడొకడు అయితే వినడం తంతుగా మారుతుందని, పైగా విన్నవాడు వివాదంలో ఒక పక్షానికి చెందిన శాఖ అధికారి అని ఆ పథకాన్ని కొట్టివేసినారు. ఇద్దరు కక్షిదారులను చూపులోనూ, ఆసనంలోనూ సమంగా ఉంచమని హజ్రత్ ఉమర్ (రజి) అబూ మూసా అష్అరీ (రజి)కి వ్రాసినట్లు ప్రసిద్ధమైన లేఖ ఉద్దేశం కూడా ఇదే దారిలోనిది.

తీర్పు వచ్చిన తరువాతి నెలలోనే, 1964 ఫిబ్రవరిలో, సంజీవరెడ్డి రాజీనామా చేసినారు. రాజీనామా చేయమని ఏ న్యాయమూర్తీ అనలేదు. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయినారు. ఆ జూన్ నాటికే సంజీవరెడ్డి లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో చేరినారు, 1967 లో లోక్‌సభ స్పీకరు, 1977 లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయినారు. ఎన్నికల లెక్క వేరు, కోర్టు లెక్క వేరు అనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. మరొకసారి 1992 లో ప్రైవేటు వైద్య కళాశాలల అనుమతులను హైకోర్టు కొట్టివేసిన పిదప ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి పదవి వదిలినారు. అప్పుడు ఆ కుర్చీ ఎక్కినది కర్నూలు జిల్లాకు చెందిన కోట్ల విజయభాస్కరరెడ్డి. కోర్టులో ఒకరి ఓటమి పార్టీలోని మరొక వర్గానికి గెలుపుగా మారడం ఇక్కడి రాజకీయాలకు అలవాటే. ఆ అలవాటుకు న్యాయమూర్తి బాధ్యుడు కాడు. అయితే తన తీర్పు ఎవరి చేతికి ఆయుధమవుతుందో అన్న భయంతో అతడు చేయి వెనుకకు తీసుకున్నా, ఉత్సాహంతో ముందుకు చాచినా, రెండూ ఒకే దోషం.

ఇంతవరకు కక్షిదారుల వైపు. పీఠం వైపు చూస్తే విషయం మరింత ఇబ్బందికరం. కృష్ణా జిల్లా తీర్పు వ్రాసిన సుబ్బారావే 1967 ఫిబ్రవరి 27 న, భారత ప్రధాన న్యాయమూర్తిగా, గోలక్‌నాథ్ కేసులో ఆరుగురు ఒకవైపు, ఐదుగురు ఒకవైపుగా చీలిన ధర్మాసనంలో మెజారిటీకి నాయకత్వం వహించినారు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదన్నారు. ఏప్రిల్‌లో పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడినారు. ఎదుట నిలిచినది హైదరాబాదులో పుట్టిన డాక్టర్ జాకిర్ హుసేన్. మే నెలలో లెక్క తేలినప్పుడు జాకిర్ హుసేన్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971 ఓట్ల విలువ వచ్చింది. దేశానికి తొలి ముస్లిం రాష్ట్రపతి దొరికినందుకు ముస్లింలు సంతోషించినారు, సహజమే. కాని ఆ సంతోషంలో పడి, ఆ ఎన్నిక న్యాయపీఠానికి చేసిన నష్టాన్ని చూడనివారు చాలామంది. సుబ్బారావు నిజాయితీని శంకించవలసిన పని లేదు. గోలక్‌నాథ్ తీర్పులోని తర్కం తన కాళ్ళమీద తాను నిలబడుతుందో లేదో అది వేరే చర్చ. నష్టం మరొకటి. పీఠానికి, పోటీకి మధ్య వారాలు కూడా గడవకపోవడం వలన, వెనుకటి తీర్పును ముందటి అభ్యర్థిత్వం వెలుగులో చదివే అవకాశం ప్రత్యర్థులకు చిక్కింది. ప్రచారం కోర్టులోకి వెనుక తలుపు గుండా వచ్చింది, అదీ తీర్పు ముగిసిన తరువాత.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) ఖలీఫా మన్సూర్ ఇవ్వజూపిన ఖాజీ పదవిని కాదని కారాగారం పాలైనారని చరిత్రకారులు వ్రాసినారు. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ అయినారు. గురువు చేసినది గొప్ప, శిష్యుడు చేసినది తక్కువ అని ఉపన్యాసాలలో వినబడుతుంటుంది. ఇది తొందరపాటు. అబూ యూసుఫ్ పీఠం ఎక్కకపోతే న్యాయస్థానాల పద్ధతి అంత చక్కగా కుదురుకునేదా అన్నది ఆలోచించదగిన ప్రశ్న. అయితే ఖాజీ మర్యాదలను వ్రాసిన ఫఖీహులు చాలామంది ఒక మాటపై మాత్రం ఏకీభవించినారు. పదవికి ముందు నుండి ఇచ్చిపుచ్చుకునే అలవాటు ఉన్నవారివి తప్ప ఖాజీ కానుకలు తీసుకోరాదు. అందరికీ పిలుపున్న విందుకు పోవచ్చును గాని, తనకోసమే ఏర్పాటైన విందుకు పోరాదు. ఆ తీర్పరులు పదవిలో ఉన్న ఖాజీని గురించి వ్రాసినారు. పదవి దిగిన తరువాత వచ్చే కానుకను గురించి వారికి వ్రాయవలసిన అవసరం అంతగా రాలేదు.

నేటి కాలానికి వచ్చింది. జస్టిస్ బహారుల్ ఇస్లాం 1983 లో సుప్రీంకోర్టుకు రాజీనామా చేసి అస్సాంలో కాంగ్రెసు అభ్యర్థి అయినారు. జస్టిస్ రంజన్ గొగోయ్ పదవీ విరమణ చేసిన నెలల్లోనే, 2020 లో, రాజ్యసభకు నామినేటు అయినారు. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి అభిజిత్ గంగోపాధ్యాయ 2024 మార్చిలో పదవి వదిలి ఆ వేసవిలోనే లోక్‌సభకు ఎన్నికైనారు. ఆంధ్రప్రదేశ్‌కు వస్తే, 2023 జనవరి 4 న సుప్రీంకోర్టు నుండి విరమించిన జస్టిస్ ఎస్. అబ్దుల్ నజీర్‌ను ఫిబ్రవరి 12 న ఈ రాష్ట్రానికి గవర్నరుగా ప్రకటించినారు. 2019 నవంబరు 9 నాటి ఏకగ్రీవమైన అయోధ్య తీర్పు ధర్మాసనంలో ఆయన ఒకరు. ఈ నియామకంపై ముస్లింలలో రెండు మాటలు వినబడినవి. ఒకరు బహుమానమన్నారు, ఒకరు మనవాడికి గౌరవమన్నారు. రెండూ న్యాయమూర్తిని ఓటుబ్యాంకు కొలతతో కొలిచే మాటలే. ఆయనే 2018 సెప్టెంబరులో, ఆ వివాదానికే సంబంధించి పాత తీర్పును పెద్ద ధర్మాసనానికి పంపాలా అన్న ప్రశ్నపై, మిగిలిన ఇద్దరితో విభేదించి పంపాలని వ్రాసినారు. రెండు మాటలలో ఏదీ ఆ భిన్నాభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకోదు. వ్యక్తిని వదిలి పద్ధతిని ప్రశ్నించాలి. నలభై రోజులైనా నిండకుండా ఇచ్చే పదవిపై విమర్శ న్యాయమే. ఆ విమర్శ బహారుల్ ఇస్లాంకూ, గంగోపాధ్యాయకూ సమానంగా వర్తించాలి.

2020 అక్టోబరులో ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహనరెడ్డి సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణపైనా, హైకోర్టు న్యాయమూర్తులు కొందరిపైనా ఆరోపణలతో భారత ప్రధాన న్యాయమూర్తికి లేఖ వ్రాసి, దానిని పత్రికలకు విడుదల చేయించినారు. ఆ రోజులలోనే సామాజిక మాధ్యమాలలో న్యాయమూర్తులను దూషించిన వ్రాతలపై హైకోర్టు సి.బి.ఐ. విచారణకు ఆదేశించింది. 2021 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఫిర్యాదును అంతర్గత పరిశీలన తరువాత తోసిపుచ్చింది. న్యాయమూర్తిపై ఫిర్యాదు చేసే హక్కు ఎవరికైనా ఉన్నది. 1964 కొలబద్ద పెట్టి చూస్తే, వివరాలతో వ్రాయడం వరకు దోషం లేదు. పత్రికల వారిని పిలవడంతో చిక్కు మొదలైంది. న్యాయమూర్తి తిరిగి పత్రికల వారిని పిలవలేడు గదా! మరొక వైపు, ఆ ఫిర్యాదు ఎందుకు నిలవలేదో కారణాలు బయటికి రాకపోవడం వలన ప్రచారానికే మేలు జరిగింది. మూసిన గది చుట్టూనే పుకార్లు పెరుగుతవి.

కర్నూలు వారికి మరొక అనుభవం కూడా ఉన్నది. ఇక్కడ న్యాయస్థానమే ఎన్నికల నినాదమైంది. 1937 శ్రీబాగ్ ఒడంబడిక నుండి రాజధాని ఒకచోట, హైకోర్టు ఒకచోట అన్న మాట నడుస్తున్నది. 1953 లో కర్నూలుకు రాజధాని వచ్చింది, హైకోర్టు గుంటూరుకు పోయింది. 2020 లో కర్నూలును న్యాయ రాజధాని అన్నారు, 2021 లో ఆ చట్టాన్ని వెనుకకు తీసుకున్నారు. ధర్మాసనం వస్తే ఆదోని కక్షిదారుకు ప్రయాణపు ఖర్చు తగ్గుతుంది; ఆ కోరిక న్యాయమైనదే. దానిని ఎవరి ఎన్నికల బాకీగానో లెక్క కట్టడం మాత్రం తగదు.

మళ్ళీ ఊరి కోర్టు దగ్గరికి వస్తే, 'పార్టీ' అన్న మాట వంటిదే మరొకటి ఉన్నది. అరబ్బీలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. అదే మాట తెలుగుకు వచ్చేసరికి ముద్దాయి అంటే నేరం మోపబడినవాడైనాడు. ముఠా కేసులలో ఈ తారుమారు మాటకే పరిమితం కాదు. పై ఊరి వర్గం ఒక కేసు పెడితే కింది వర్గం ఎదురుకేసు పెడుతుంది. రెండింటిలోనూ సాక్షులు ఆ ఇరువర్గాల వారే. శత్రువుపై శత్రువు సాక్ష్యాన్ని చాలామంది ఫఖీహులు ఒప్పుకోలేదు. భారత న్యాయస్థానాలు తోసివేయవు గాని జాగ్రత్తగా తూచుకుంటవి. పశ్చిమ కర్నూలు పల్లెలకు రెండవదే తగినది. కొట్లాట జరిగిన వీధిలో తటస్థుడు నిలబడి ఉండడు, ఉన్నా చెప్పడు.

వకీళ్ళు మాత్రం ఇక్కడ ఒక పని చేస్తుంటారు. సాక్షిని ఎక్కడ నిలబడి చూసినావు, ఎంత వెలుతురు ఉన్నది అని అడగడం వదిలి, ఏ నాయకుని మనిషివి, ఏ సభకు పోయినావు అని అడుగుతారు. శత్రుత్వాన్ని రుజువు చేయడానికి కొంతవరకు అది అవసరమే కావచ్చును. కాని ఎవరికి ఓటు వేసినావని అడిగితే, సాక్షి జవాబు చెప్పనక్కరలేదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 94 వ సెక్షను, ఎవరికి ఓటు వేసిందీ చెప్పమని ఏ సాక్షినీ బలవంతం చేయరాదని శాసించింది.